ఎదురు చుట్టు

షుగరు మూడు వందలు దాటినంక
డాక్టరు చీటీ మీద, మందుల కింద
‘నడక’ అని రాసి రెండు గీతలు కొట్టిండు.
అప్పటిసంది పొద్దున ఐదున్నరకు
హన్మకొండ పబ్లిక్ గార్డెన్ గేటు
నన్ను లోపలికి గుంజుకుంటది.

ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఏండ్లు కాంటా రాసినోణ్ణి.
మనిషి కనవడితే చాలు
బస్తా లెక్క కండ్లతోనే తూకమేస్త,
తేమకింత తాలుకింత తరుగు తీస్త.
ముక్కులకెల్లి మిర్చి ఘాటు పోయింది గాని
ఆ బుద్ధి పోలే.

నాకిక్కడ ముఖాలు తెల్వయి.
వీపులు తెలుసు.
అందరం గడియారం ముల్లు దిక్కే తిరుగుతం గద,
ముందటోళ్ల వెనక భాగమే నా లోకం.

అంగీ మీద చెమట పటం గీసుకున్న వీపు
ఫోన్ల ప్లాటు బేరమాడే ఆయనది.
గజం రేటు పెరిగినకొద్ది నడక పెరుగుతది.
నల్ల బురఖా, దాని కింద తెల్ల బూట్లు,
ఆకుపచ్చ లేసులు.
కానిస్టేబులు సెలక్షన్లకు ఉరికే పిల్లలకైతే
వీపు గూడ ఆనది, ఒట్టి గాలే తగుల్తది.
అండ్ల ఒకడు, బూటుకు సుతిలి కట్టుకున్నోడు,
చుట్టుచుట్టుకు టైము అరుస్తడు.
ఎవరికో తెల్వదు.
ఉడుత వీపు సంగతి చెప్పేదేముంది,
మూడు గీతలు, ఊరందరికీ ఎరుకే.

కానుగ కింద పూలు పేలాలోలె రాలినయి.
లసుమక్క చీపురు పట్టుకొని నిలవడ్డది.
“ఊడ్వబుద్ధి అయితలేదు సారూ.”
అనుకుంటనే ఊడ్చింది.

ఒక్కాయన మాత్రం ఉల్టా తిరుగుతడు.
చుట్టుకు రెండుసార్లు ఎదురైతడు,
జండా ఊపినట్టు చిన్నగ తల ఊపుతడు,
పోతడు.
నాలుగేండ్లు. పేరడగలే.
తూకం మాత్రం మనసుల రాసుకున్న:
డెబ్బై ఒక్క కిలో. తరుగు లేదు.

ఒకనాడు రాలే. రెండోనాడు రాలే.
చుట్టు మీద రెండు చోట్ల
నా తల ఉత్తగనే ఊగింది.
“గా ఉల్టా సారా? కాజీపేట రైలు గార్డు, దానియేలు.
మొన్న సోమారం సంది వస్తలేడు” అన్నది లసుమక్క.
ఆమె లెక్కల పేరుంది, వారముంది.
నా లెక్కల కిలోలే ఉన్నయి.

పన్నెండోనాడు గేటు దాటంగనే
కాలు ఎడమకు మళ్లింది.
నేను చెప్పలే. అదే మళ్లింది.

అమ్మో, ఇంతమంది ఉన్నరా ఈ తోటల!
ప్లాటు బేరపాయనకు
మీసం కింద చిన్నపిల్లగాని నవ్వు.
బురఖా తల్లి పెదవులు కదులుతున్నయి,
తస్బీ అనుకున్న.
దగ్గరికొస్తె పదమూడో ఎక్కం!
పదమూడు ఏడ్ల కాడ ఆగి, మళ్ల మొదటికొచ్చింది.
సుతిలి బూటోడు కండ్లు మూసుకొని ఉరుకుతుండు.
వాని ముందర ఏం కనవడుతుందో
నేను పక్కకు జరిగి దారిచ్చిన.
కానుగకు ఈ దిక్కు ఒక తొర్ర ఉందట,
అండ్ల పైడికంటి పిట్ట ఒకటి
పగటి నిద్రకు రెక్కలు సర్దుకుంటుంది.
నా మొకం చూసి
ఆలస్యమైందన్నట్టు కండ్లు మూసింది.
ఎవరి మీదా కాంటా ముల్లు నిలువలే ఆరోజు.

ఎండలు ముదిరినంక వచ్చిండు దానియేలు.
నల్లద్దాలు. శుక్లాల ఆపరేషనట.
కోడలు చెయ్యి పట్టుకొని
అందరి దిక్కే మెల్లగ నడుస్తుండు.
ఎదురైన. తల ఊపిన.
సగం చుట్టు పోయినంక మళ్ల ఎదురైన.
ఆగిండు.
“ఎవరయ్యా, నా లైన్ల కొచ్చింది?”

నాలుగేండ్లకు మొదటిసారి నా పేరు చెప్పిన.
ఆయన విన్నట్టు లేదు.
పైన కొమ్మల పికిలిపిట్ట ఏందో అంటుంది,
చెవి అటే పెట్టి
వేలు పైకి లేపిండు, ఆగుమని.
ఆగిన.