చా

అయకూచో కోర్టులో పదకొండేళ్లు దుబాసీని.
కెచువాలో విన్నది స్పానిష్‌లో అప్పజెప్పడం,
గంటకింత అని కూలి.

మా భాషలో మాట ఊరికే ముగియదు.
కళ్లారా చూశావా, చివర 'మి' తగిలించు.
ఎవరో చెప్పగా విన్నావా, దానికి ఇంకోటుంది.
చూడలేదు, వినలేదు,
లోపలెక్కడో తోచింది, అంతే అంటావా,
'చా'.
చీకట్లో గోడ తడుముకునే చెయ్యి లాంటిది.

లియొకాదియా వార్కాయా బోనెక్కింది.
టోపీ తీయమన్నారు. తీసి గుండెకు హత్తుకుంది.
ఏడు అల్పాకాలు పోయాయి, తెల్లవారుజామున, మంచులో.
తోలుకుపోయినవాడు వీడేనా?
ఆమె తెయోఫిలో వంక చూసింది,
ఇరవై నిండని వాడి గొంతు కింద
పైకీ కిందికీ ఆడుతున్న ముడి వంక.
చాలాసేపు చూసింది.
"పాయ్‌చా" అంది.

వాడే కాబోలు.
కాకనూ పోవచ్చు.
పొగమంచు బాబూ, నడక అలాగే ఉంది, ఏమని చెప్పను?
ఇంతా ఒక్క అక్షరంలో.

గుమస్తా వేళ్లు మీటల మీద ఆగి ఉన్నాయి.
జడ్జిగారు గడియారం చూశారు.
ఆ అక్షరానికి స్పానిష్‌లో వెతుక్కుంటే
నాలుగు మాటలు దొరికాయి, నాలుగూ వదులు చెప్పులే.
ఒంటిగంటన్నర. ఆకలి.
"వాడే" అన్నాను.

టపటపమని కాగితం మీద పడింది.
నాలుగేళ్లు.

మొన్న ఆదివారం సంతలో కనబడింది ముసలామె,
గోనె మీద చూన్యో దుంపలు కుప్పపోసుకుని,
మంచుకీ ఎండకీ ఎండి గులకరాళ్లైనవి.
నన్ను గుర్తుపట్టలేదు. పట్టిందేమో.
అరకిలో అడిగితే గుప్పెడు ఎక్కువే వేసింది.
"ఆ పిల్లాడు తిరిగొచ్చాడా?" అన్నాను,
ఎవరి సంగతో అన్నట్టు.
చేతులు దులుపుకుని
"కుతిమున్‌ఖచా" అంది.
వస్తాడు కాబోలు.
తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచి
ఎంత జాగ్రత్తగా కిందపెట్టిందో.

ఇంటికొచ్చి దుంపలు నానబోసి
నాకు నేనే వాంగ్మూలం ఇచ్చుకున్నాను, కెచువాలో.
తప్పు నాదే, అని మొదలుపెట్టానా,
చివర 'చా' వచ్చి కూర్చుంది
పిలవని చుట్టంలా, మెత్తగా.
కాదు. ఇక్కడ 'మి' అనాలి.
ఆ గదిలో నన్ను కళ్లారా చూసినవాణ్ణి
నేనొక్కణ్ణే.

కొట్టేశాను. మళ్లీ మొదటినుంచి.
నాలుక అక్కడికొచ్చేసరికి జారుతోంది.
గిన్నెలో దుంపలు
నెమ్మదిగా ఉబ్బుతున్నాయి.