కుదురు

మజూరియాలో జూన్ ఉదయం.
సరస్సు మీద మంచు ఇంకా చాప చుట్టలేదు.
రేకుల షెడ్డులో ఓటీలియా అత్త
వచ్చినవాళ్ళ మొహాలు చూడదు, పాదాలు చూస్తుంది.
నా పని వాషర్లు అందివ్వడం.
ఒకటి జారితే చెక్కల సందులోంచి నేరుగా నీళ్ళలోకే.
ఈ వేసవికి పదకొండు పోగొట్టాను.
అత్త లెక్క పన్నెండు.

మొదట కయెతాన్, తొమ్మిదేళ్ళవాడు,
అన్న లైఫ్‌జాకెట్ వాడి తొడల దాకా.
"ఏ కాలు ముందు పెట్టాలి?"
"అదిగో కొంగ!" అంది అత్త.
వాడటు తిరగ్గానే వీపు మీద ఒక్క తోపు.
ఎడమకాలు గబుక్కున ముందుకొచ్చింది.
"నన్నడుగుతావేం? అదే నీ ముందడుగు."

టేపు పెట్టి కొలవదు. గట్టు మీంచి దూకమంటుంది,
తడి అడుగుల మధ్య జాన పరుస్తుంది.
రెండు జానలు, ఒక బొటనవేలు.
వెనక బూటు తోక వైపు ఒక రంధ్రం జరిపి సున్నా మీద,
గడపలా అడ్డంగా.
ముందు బూటు పద్దెనిమిది డిగ్రీలు, ముక్కు వైపు చూస్తూ.
పోయే దిక్కు పాదానికి ముందే తెలిస్తే
నడుము ఆలస్యంగానైనా నేర్చుకుంటుందట.
బరువు వెనక్కి తగ్గితే ముక్కు లేస్తుంది,
నీళ్ళు మింగడం తగ్గుతుంది.
తగ్గుతుందంతే.

స్క్రూలు నాలుగూ ముందు వేళ్ళతో ఆనించాలి,
తర్వాత ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా.
ఒక్కదాన్నే గట్టిగా పట్టుకుంటే మిగతా మూడూ అలుగుతాయి.
మర అరిగితే బోర్డు పొట్టలో మిగిలేది కన్నమే.
"మొదటి చుట్టు కాగానే వెనక్కి రా, మళ్ళీ బిగించాలి."
ఈ మాట అందరితోనూ అంటుంది.
ఎవరూ రారు.

ట్రామ్ నడిపి రిటైరైన యూలియన్ గారికిది మూడో వేసవి.
ఈసారి ముందు పాదం పన్నెండుకు తగ్గింది,
వెనక పాదం అటువైపు మూడే మూడు డిగ్రీలు విచ్చుకుంది.
రెండు బూట్లూ నడిమికి ఒక రంధ్రం దగ్గరయ్యాయి.
"బాతులా ఉన్నానా?" అద్దం లేక నన్నడిగారు.
"ఇంకా బాతుపిల్లే," అంది అత్త.
"ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారైనా వెనక్కి నడపలేదమ్మా."
"అందుకే మూడిచ్చాను. తొమ్మిదివ్వలేదు."

పది దాటాక యాగ్నా వచ్చింది.
నల్లకళ్ళద్దాలు తియ్యలేదు.
అత్త అడక్కుండానే తొమ్మిది, తొమ్మిది తిప్పేసింది,
సరిగ్గా నడిమధ్యన, రెండు వైపులా ఒకే విప్పు.
నిరుడు ఆ పిల్ల నిలబడితే
ఏది ముందో ఏది వెనకో సరస్సుకే తెలిసేది కాదు.
సెప్టెంబరులో మోకాలు తెలిసింది.

"వద్దత్తా. ఆ పిల్లాడికి పెట్టిందే పెట్టు."

నా చేతిలోంచి వాషరొకటి జారింది. ఈసారి చప్పుడు వినిపించింది.

అత్త దూకమనలేదు. తొయ్యలేదు.
"కళ్ళు మూసుకుని ముందుకు వాలు,
పడితే నేనున్నా," అంది.
యాగ్నా వాలింది, వాలింది,
కుడికాలు వచ్చింది.
ఏడేళ్ళూ ఎడమకాలితో ముందుకు పోయిన మనిషి
తన కుడిపాదాన్ని
పొరుగింటి పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

అత్త ఏమీ అనలేదు. ఎనిమిది స్క్రూలూ విప్పింది,
బూట్లు అటుదిటు మార్చింది.
కుడి పద్దెనిమిది, ఎడమ సున్నా.
మధ్యలో ఒక్క ప్రశ్న:
"నీ మోకాల్లో ఎన్ని వేశాడు డాక్టరు?"
"రెండు."
"వేశాక మళ్ళీ పిలిచి చూశాడా?"
"చూశాడు."
"పనిమంతుడే."

సబ్బునీళ్ళు పోస్తే బూటులోకి మడమ జారింది.
తీగ లాగింది. లేచింది.
మొదటి మలుపు దగ్గరే బోర్లా పడింది.
గట్టున కయెతాన్ అరిచాడు:
"మోకాళ్ళు వంచాలక్కా! నాకూ అక్కడే!"

బోర్డు చంకన పెట్టుకుని, రెల్లు పక్కనుంచి
నీళ్ళోడుతూ నడిచొచ్చింది యాగ్నా.
కళ్ళద్దాలు సరస్సుకిచ్చేసింది.
బోర్డు బల్ల మీద పెట్టి పక్కన నిలబడింది.
ఈ వేసవిలో మళ్ళీ బిగించుకోవడానికి వచ్చిన మొదటి మనిషి.

పావు తిప్పు.
మూడో స్క్రూకి
ఇంకొంచెం.