వాసన రాని పని

తరమణిలో మా ల్యాబుకి దారి అడగక్కర్లేదు.
రెండో అంతస్తు మెట్ల మీదే
ఎదురొచ్చేది తగరం వాసన,
మురిగిన వెల్లుల్లి మీద కిరసనాయిలు పోసినట్టు.
చున్నీ రెండుసార్లు ఉతికినా
లోకల్ రైల్లో పక్కావిడ కాస్త జరిగి కూర్చునేది.

కర్బనం మీద ఒక్క ఎలక్ట్రాన్
జత లేకుండా నిలబడాలంటే
అప్పట్లో అంత తంతు:
సలసల కాగే బెంజీను,
మూడు బ్యూటైల్ తోకల తగరం,
కాలమ్ మీద కాలమ్ నడిపినా
పెళ్లయిపోయాక కూడా కదలని చుట్టంలా
అడుగున మళ్లీ అదే తగరం.

మునిరత్నం గాజుసామాను కడుగుతాడు, ఇరవయ్యారేళ్లుగా.
తిరుత్తణి మనిషి. వాళ్ల నాయన
పెరంబూరు వీధుల్లో కొలిమి మోసుకు తిరిగి
ఇత్తడి గిన్నెలకు కళాయి పూసినవాడు.
"అదీ తగరమే, ఇదీ తగరమే కదమ్మా.
అది చారుకి రుచి ఇచ్చె,
ఇది నాకు తలనొప్పి ఇచ్చె."
తేడా తోకల్లో ఉందని చెప్పాను.
తల ఊపి మళ్లీ బ్రష్ అందుకున్నాడు.

ఒకసారి గూడూరు దాటాక ఫోన్లో
"రోజంతా రాడికల్స్‌తోనే సరిపోతోందే" అంటుంటే
ఎదుటి బెర్తు పెద్దాయన పేపరు దించాడు.
"ఇంకా ఉన్నారా అమ్మా వాళ్లు?"
ఉన్నారండీ.
రెప్పపాటు కూడా ఉండరు,
ఎవరో ఒకరి చెయ్యి పట్టేసుకుంటారు.

నవరాత్రి ముందు రిచీ స్ట్రీట్లో బేరమాడి
అయిదు మీటర్ల నీలం ఎల్ఈడీ పట్టీ కొన్నాను.
"కొలువుకా, బైకుకా?" అన్నాడు కొట్టతను.
హాస్టల్ ఉప్మా గిన్నె లోపల చుట్టి
పాత కంప్యూటర్ ఫ్యానొకటి ఆనించాను.
ఫ్లాస్కులో ఓ ఆమ్లం, చిటికెడు పసుపుపచ్చ రంగు.
నీలం తగలగానే ఆ రంగు
ఆమ్లం జేబులోంచి ఒక ఎలక్ట్రాన్ కొట్టేస్తుంది.
కార్బన్ డయాక్సైడ్ బుడగై లేచిపోతుంది.
మిగిలిన కర్బనం
ఒంటి చెయ్యి చాచి.

మంట లేదు. తగరం లేదు.
కానీ ఎన్నూరులో బొగ్గు కాలితేనే
నా గిన్నెలో ఈ నీలం.
వాడిన ద్రావణం డ్రమ్ము ఇంకా నిండుతూనే ఉంది.
అచ్చయ్యే పేపర్లో ఈ వాక్యానికి చోటు దొరకలేదు,
ఇక్కడ రాసుకుంటున్నాను.

మే నెలలో కరెంటు పోయిన ఓ పగలు
ఫ్లాస్కు తీసుకెళ్లి డాబా మీద పెట్టాం.
కాకులు తన్నకుండా మునిరత్నం కాపలా,
తల మీద తడి తువ్వాలు.
నాలుగింటికి టీఎల్సీ పలక మీద చూస్తే
పాత చుక్క లేదు.
మద్రాసు ఎండని ఇన్నేళ్లూ ఊరికే తిట్టాను.

కడిగే ముందు ఫ్లాస్కు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు.
ఇంకోసారి పీల్చాడు.
నా వైపు అనుమానంగా చూశాడు.
"ఏమ్మా, వాసనే రాలేదే,
నిజంగా పని జరిగిందా?"