పదో గంప

ఇసకపల్లి కొటార్లలో
పద్దెనిమిది ఎండాకాలాలు
ఉప్పు లెక్క రాసినోణ్ణి నేను.
చెవి మీద పెన్సిలు, చంకలో నోటుబుక్కు.
గట్టు మీద నేను నిలబడితే
మడుల్లోంచి గంపలు నడిచొచ్చేవి.
గంపల కింద ఆడోళ్ళు ఉంటారని
చాలాకాలం చూడలేదు.

దీనమ్మ పదో గంప దించేటప్పుడు
నా పెన్సిలు దగ్గేది.
అంతే, ఒక్క దగ్గు.
తొమ్మిది తర్వాత మళ్ళీ తొమ్మిదే.
రోజుకొక్కటే, దురాశ లేదు నాకు.
గట్టిగా అడిగే మొగుడు లేడని
ఆమెనే ఎంచుకున్నాను.

ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని
కానుక పళ్ళెంలో దశమభాగం వేసేవాణ్ణి.
ఆ నోటు ఉప్పగా ఉండేదేమో,
ఎవరూ నాకి చూళ్ళేదు.

పదహారో ఏట నన్ను
బకింగ్‌హామ్ కాలవలో ముంచారు.
ముక్కుల్లోకి నీళ్ళుపోయి నేను తుమ్ముతుంటే
గట్టు మీద జనం హల్లెలూయ అన్నారు.
ఒళ్ళంతా తడిసింది.
ఈ బొటనవేలూ చూపుడువేలూ మాత్రం
నీళ్ళ పైనే ఉండిపోయినట్టున్నాయి.

ఆ ఏడు మా సరుకు వెనక్కొచ్చింది.
కావలి వ్యాపారి చిటికెడు నోట్లో వేసుకుని
లారీ టైరు మీద ఉమ్మేశాడు.
చేదు.
మడి కాసే ఓబులయ్య నన్ను పిలిచి చూపించాడు:
"ఉప్పు కట్టినాక మిగిలిన నీళ్ళుండాయే,
చూసేదానికి తేటగానే ఉంటాయబ్బయ్యా.
తొందర్లో వంచకుండా వదిలేసినారు.
అవే ఉప్పుని చంపినాయి."

ఓబులయ్య మా గుడికి రాడు.
పాపం అనే మాట వాడలేదు.
అయినా ఆ రాత్రి మంచమ్మీద
నా లోపలి తేటనీళ్ళు కదులుతుంటే
తెల్లారేదాకా వింటూ పడుకున్నాను.

ప్రభుబల్ల నాడు గిన్నె నా దగ్గరికొచ్చింది.
పక్కాయనకి అందించేశాను.
కృపావరం అయ్యగారు చూశారు, ఏమీ అన్లేదు.
ఆయన అడగకపోవడమే
నాకు ఆ వారం ప్రసంగం.

సోమవారం పాత పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని
దీనమ్మ గుడిసెకి పోయాను.
ఎండుచేపలు తిరగేస్తా ఉంది,
కాళ్ళ పగుళ్ళలో తెల్లగా ఉప్పు.
"నాలుగొందల పన్నెండు గంపలు తిన్నానమ్మా" అన్నాను.
మోకాళ్ళ మీద పడాలనుకున్నాను గానీ
చేపలు అడ్డమొచ్చాయి.

ఆమె లేచి లోపలికి పోయి
కుండ తెచ్చి నా ముందు కుమ్మరించింది.
ఆలిచిప్పలు!
నేను దగ్గిన ప్రతి సాయంత్రం
కాలవ ఒడ్డున ఏరి తెచ్చినవి.
"నీ పుస్తకం మూసెయ్, వీటిని లెక్కపెట్టు."

దీపాలు పెట్టేదాకా లెక్కపెట్టాను.
ఐదొందల మూడు.
ఆ తొంభై ఒకటీ ఎక్కడివి?
నాకు తెలీకుండా నేను చేసినవా,
చేసి మర్చిపోయినవా?
"ఇంత ఉండదే" అని నాలిక చివరిదాకా వచ్చింది.
పశ్చాత్తాపం అంతవరకూ నాకు తేలిగ్గానే ఉంది,
నా లెక్క ప్రకారం కాబట్టి.
ఆమె లెక్క ఒప్పుకునేటప్పుడు గదా
వెన్నెముక విరిగింది.

సైకిలు అమ్మి, కొత్త గడియారం అమ్మి
మూడు దఫాలుగా కట్టాను.
చివరి నోటు చేతిలో పెట్టి
"నన్ను క్షమించినావా దీనమ్మా" అంటే
"ముందు ఆ చిప్పలెత్తు నాయనా,
ఇల్లంతా పరిచి పోయినావు" అంది.

ఇప్పటికీ లెక్క నేనే రాస్తాను.
తొమ్మిది దగ్గర చెయ్యి ఇప్పటికీ ఆగుతుంది.
వేళ్ళు కొత్తవేం రాలేదు నాకు,
పాతవాటికే రోజూ బుద్ధి చెప్పుకోవాలి.
ఆగినచోట గట్టిగా అరుస్తాను: "పది!"
మడిలో ఆడోళ్ళు నవ్వుతారు.
పొద్దుగూకేముందు
ఓబులయ్యతో పాటు వంగి
మిగిలిన నీళ్ళు వంచేస్తాను.
రేపటికి మళ్ళీ ఊరతాయి.

దీనమ్మ కుండ
చూరు కింద అట్లానే ఉంది.
ఖాళీదే గానీ
బోర్లించలేదు.