ఏమీ కలపనిది

కాజీపేట లోకో షెడ్డు వెనక గల్లీల
యాకయ్య దుకాణం.
షట్టరు సగమే లేస్తది, వంగి పోవాలె.
లోపల సోల్డరు పొగ,
గోడకు తలకిందుల వేలాడే హారన్లు.

నా భుజానికి గిటారు,
చేతుల టిఫిన్ డబ్బకంటె జర పెద్ద పెట్టె.
మోడలర్.
రెండు వందల యాంపులున్నయట దాంట్ల,
ఎక్కడో సముద్రాలవతల
గాజు వాల్వులు ఎర్రగ కాగిన యాంపులు.
ఆ వేడి లేదు, బరువు లేదు, లెక్కలున్నయి.
నేను దిగని నేలమాళిగల గాలి
అంకెలై కూసున్నది.

పెద్దనాయన ఫిలిప్పుకు అసలుదే ఉండేది,
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల డాన్సులకు
ఇద్దరు ఖలాసీలు మోసుకొచ్చేటోళ్లు.
ఒక వాల్వు పోయింది, జత దొరకలే.
ఇప్పుడు దాని మీద మిక్సీ ఉన్నది.

ఇయర్‌ఫోన్లు పెడితే ఈ పెట్టె సముద్రం.
తీస్తే తీగె మీద గోరు గీసిన చప్పుడు.

"దీనికి గొంతు లేదన్నా."
"గొంతు బాగనే ఉంది," అన్నడు యాకయ్య,
"ఊపిరి లేదు."

బల్ల కిందికెళ్లి గుంజిండు
టెంటు హౌసోళ్లు బాకీ కింద ఒదిలిపోయిన పవర్ యాంపు.
ట్రాన్సిస్టర్లది. వెనక అల్యూమినియం రెక్కలు,
మూలకు తెల్ల పెయింటు: దుర్గా సౌండ్స్, మడికొండ.
"వాల్వుదైతే నీ పాటల చెయ్యి పెడ్తది,
జర తీపి, జర మసి.
ఇది పెట్టదు. వండింది వండినట్టు వడ్డిస్తది."

రెక్కల నడుమ దుమ్ము ఊదుతుంటే
దీంట్లకెళ్లి ఏమేం పోయినయో చెప్పిండు.
ఎలక్షన్ల రెండు పార్టీలు, పొద్దుగాల ఒకటి, మాపు ఒకటి.
బతుకమ్మ చుట్టు చప్పట్లు.
సావింటి ముందట తెల్లార్లు భజన.
ఒక జాతరకు మేడారంల, జంపన్నవాగు ఒడ్డున:
"లేత నీలం అంగి, ఐదేండ్ల పిలగాడు, పేరు కిట్టు,
తల్లి మైకు కాడున్నది, తల్లి మైకు కాడనే ఉన్నది"
అట్ల మూడు గంటలు.

"దొరికిండా?"
"నాకేం ఎర్క. నేను జనరేటర్ కాడున్న."

ఆ తల్లి గొంతుకు అది ఏమీ కలపలే,
ఏడుపు కూడ.
దూరం మాత్రం కలిపింది.

వైరు గుచ్చితే గుయ్యిమన్నది.
గ్రౌండు రెండు తొవ్వలు పట్టిందని
రెండింటినీ ఒకే బోర్డుకు మార్చిండు.
ఎనిమిది ఓముల డబ్బా, ఒంటి స్పీకరు.
నాబు పావు వంతు దాటనియ్యలే.
"మిగిలింది మోతకు కాదు బిడ్డా,
గట్టిగ మీటినప్పుడు దమ్ము ఆగకుండ."

మీటిన.
దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టు వచ్చింది.

కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చి తెర చూసిండు.
"ఇగో, లోపల ఉత్తుత్త స్పీకరొకటి వాయిస్తున్నది.
ముందట అసలుది ఉండగ అదెందుకు?
ఇంట్ల ఇంకో ఇల్లు కడ్తే గాలెట్లొస్తది, తీసెయ్."

తీసేసిన.

లావు తీగె
షట్టరు రేకును కొట్టింది,
హారన్లను వణికించింది, నా ప్యాంటు గుడ్డను కదిపింది.
బయట డీజిల్ ఇంజనొకటి నిలబడి గుర్రుమంటున్నది,
దాని శ్రుతీ నాదీ వెంట్రుకంత తేడా.
ఒక్క బిరడ తిప్పితే కలుస్తుండె.
తిప్పలే.

స్పీకరు కాగితానికి పాత చిరుగు,
సిగరెట్టు కాగితం, గోందుతోని అతికించింది.
గట్టిగ మీటితే జర్రుమంటది.
రెండు వందల పేర్లల్ల వెతికిన,
ఆ జర్రు లేదు.

ఖాళీ నంబరుల దాస్తమంటే పెట్టె పేరడిగింది.
నాబు తిప్పుకుంట ఒక్కొక్క అక్షరం,
యాకయ్యనే చెప్పిండు: కె, జెడ్, జె,
రైలు టికెట్టు మీద మన ఊరు.
దాచుకున్నది.
చిరుగు డబ్బాలనే ఉండిపోయింది.

పైసలెంతన్నా అంటే
"నేనేం కలిపిన్నని" అన్నడు.
షట్టరు కింద వంగి బయటికొస్తుంటే పిలిచిండు,
"ప్లగ్గుకు ఎనభై ఇచ్చిపో."