తొడుగు

మరిగే నీళ్లలో బంగారు ఉప్పు.
సిట్రేట్ పడగానే ముందు మసి,
తర్వాత ఎర్రచందనం చెక్క నానేసిన నీళ్ల రంగు.
పసుపు మాత్రం ఎక్కడా లేదు.

ఆ మే నెలంతా తిరుపతిలో కరెంటు కోత.
స్టిరర్ ఆగితే గాజుకడ్డీతో తిప్పేవాడు
మా ల్యాబ్ అటెండరు చెంగల్రాయులు.
చెవి వెనక ఇంకా వదలని కుంకుమ,
గంగజాతరలో నిన్న కట్టిన బండవేషం.

రాగి ఆక్సైడ్ పొర పట్టేకొద్దీ
ఎరుపు ఊదాకు జారింది,
ఊదా నెమలిపచ్చకు.
తెరమీద శిఖరం
ఐదువందల ఇరవై నానోమీటర్లు వదిలి
ఆరువందల డెబ్భై దగ్గర కూర్చుంది.

"బంగారం యాడికి పాయ మేడమ్?"

"యాడికీ పోలా. లోపలే ఉండాది,
వేషం కట్టింది."

ఫ్లాస్కు కిటికీకెత్తి చాలాసేపు చూశాడు.
రెండో చెయ్యి
చెవి వెనక్కి పోయింది.

కరెంటు మళ్లీ తీసేశారు.