పేజీకి ఇరవై

కావలి ట్రంకు రోడ్డు మీద, కాలేజీ గేటుకి ఎదురుగా
మా జిరాక్సు కొట్టు.
మార్చి ఎండ ముదిరిందంటే
బయోడేటాలే బయోడేటాలు.
"అన్నా, మొన్న మావోడికి కొట్టావే, అదే కొట్టు,
పేరు మార్చు చాలు."

మారుస్తాను.
కరీముల్లా ఉన్నచోట చైతన్య,
దగదర్తి ఉన్నచోట అల్లూరు.
మిగతాదంతా ఒకటే:
కష్టపడే స్వభావం, నలుగురిలో కలిసిపోయే గుణం,
హాబీలు పాటలు వినడం, క్రికెట్టు.
ఒకసారి ఒకమ్మాయి కాగితం అడుగున
"పైవన్నీ నిజమని ప్రకటిస్తున్నాను" కింద
కరీముల్లా పేరు అట్టాగే ఉండిపోయింది.
నెల్లూరు జాబ్ మేళాలో
"కరీముల్లా ఎవరమ్మా?" అని పిలిచారంట.
వచ్చి తిట్టింది.
తిట్టి, ఇంకో పది కాపీలు తీయించుకుంది.

నిన్న సాయంత్రం, కరెంటు పోయి వచ్చినాక,
జువ్వలదిన్నె పిల్ల వచ్చింది.
పామంజి నీలవేణి. బీకాం కంప్యూటర్స్.
వద్దన్నా వినకుండా చెప్పులు బయటే విడిచింది.
ఎల్లుండి మేళా.
చదువు చెప్పింది, మార్కులు చెప్పింది,
నేను కొట్టుకుంటా పోతున్నా.
అనుభవం?
"లేదన్నా. లేదనే కొట్టు."

లేదు.
ఆ మాట నా వేళ్ళకి చూడకుండా వచ్చు.
నాది కూడా ఈ మెషీన్లోనే ఉంది, ఏదో ఫోల్డర్లో.
కొట్టించుకోను వచ్చి
ఇక్కడే కూర్చుండిపోయినవాణ్ణి.

ఇంతలో ఆ పిల్లకి ఫోను.
"ఆఁ నాయనా... రెండో ఏరేటరు ఆగిందా?
ముందు ఆక్సిజన్ బిళ్ళలు చల్లు,
మెకానిక్కి నేను చేస్తా.
ఈ పూట మేత ఆపు,
ట్రేలో పొద్దుటిది అట్టాగే ఉంది గదా.
కొనేవాడొచ్చి అరవై కౌంటంటాడు, ఒప్పుకోబాక.
యాభై ఉంటది.
నేను వచ్చినాకే తూకం."

ఫోను సంచిలో పడేసి
"అయిందా అన్నా?" అంది.

"ఆ గుంట లెక్కలు ఎవరు చూస్తారమ్మా?"
"నేనే. ఇంటర్ ఫస్టియర్ నించి.
నాయనకి వలైతే తెలుసు గానీ అంకెలు రావు."
"రాత్రిళ్ళు?"
"మూడింటికి ఒకసారి లేస్తా.
నీళ్ళలో గాలి తగ్గేది అప్పుడే గదా."
"మరి లేదంటావే!"
నవ్వింది.
"అది ఇంటి పనన్నా."

లేదు అన్న రెండక్షరాలు
వెనక్కి నడుచుకుంటా చెరిపేశాను.
ప్లాస్టిక్ కుర్చీ లాగి కూర్చోమన్నా.
నాలుగెకరాల లీజు గుంట, ఐదేళ్ళు,
పిల్ల ధర, డీజిలు, మేత, కూలి.
"రెండు పంటలు తెల్లమచ్చ తగిలి పోయినాయి.
అదీ రాయాలా?"
"మళ్ళీ గుంట నింపిందెవరు?"
కొంచెంసేపు గోడమీది క్యాలెండరు చూసింది.
"రాయన్నా" అంది.

ఉద్యోగమిచ్చేవాళ్ళ భాషలో
రొయ్యకి చోటుందో లేదో నాకు తెలియదు.
ఉన్నదున్నట్టు కొట్టాను.
రెండు పేజీలైంది.

"సరే, నేను మేళావాణ్ణి. నీ గురించి చెప్పు."
లేచి నిలబడింది, చేతులు వెనక్కి కట్టుకుంది,
"నేను కష్టపడే స్వభావం గల..."
"అది కాదు. గుంట గురించి చెప్పు."
చేతులు ముందుకొచ్చినాయి.
ఒక చెయ్యి నీళ్ళయింది, ఒక చెయ్యి ట్రే అయింది.
ఇంగ్లీషులో తడబడిన చోట
వేలు పెట్టి గాల్లో లెక్క వేసి చూపించింది.
ఆఖరి బస్సు హారన్ కొట్టేదాకా
నేను ప్రశ్న అడగనేలేదు.

నలభై ఇయ్యబోతే ఇరవై తీసుకున్నా.
ఎల్లుండి ఏమవుతుందో ఏమో.

ఇవాళ షటరు సగం లేపానో లేదో
బోగోలు పిల్లోడొకడు దూరాడు.
"అన్నా, నిన్న నీలవేణికి కొట్టావంట గదా,
అదే కొట్టు, పేరు మార్చు చాలు."

"మీకు గుంటలున్నాయా అబ్బయా?"
"లేవన్నా."
"మరి?"
తల గోక్కున్నాడు.
కుర్చీ మీద దుమ్ము దులిపి
వాడి వైపు తోశాను.